చైన్ మార్చాలా, ఇంకా నడుస్తుందా? ఒక షాపు అవునంది, ఇంకో షాపు కాదంది

మియాపూర్_పెడల్ (శనివారం, ఉదయం 8:12)

అందరికీ నమస్తే. నాది వెనక ఎనిమిది గేర్లు, ముందు రెండు ఉన్న హైబ్రిడ్ సైకిల్. వారంలో మూడు నాలుగు రోజులు మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసుకు దీని మీదే వెళ్తాను, రానూపోనూ 24 కిలోమీటర్లు. ఆదివారాలు ఇంకాస్త ఎక్కువ. కొని ఏడాది దాటింది, మీటర్ 4,100 చూపిస్తోంది. చైన్ ఇప్పటిదాకా మార్చలేదు.

మొన్న సర్వీసుకు ఇస్తే షాపతను చైన్‌ని వేలితో ఒకసారి పైకెత్తి చూసి, "అయిపోయింది. చైన్, క్యాసెట్, ముందు చైన్‌రింగ్‌లు అన్నీ మార్చాలి, ఆరు వేలు అవుతుంది" అన్నాడు. (క్యాసెట్ అంటే వెనక పళ్లచక్రాల గుత్తి, చైన్‌రింగ్‌లు అంటే ముందు పళ్లచక్రాలు.) గుండె గుభేలుమంది. నిన్న ఇంకో షాపుకు తీసుకెళ్తే అతనూ అలాగే వేలితోనే ఎత్తి చూసి, "ఏం కాలేదు, ఆయిల్ వేసుకోండి, ఇంకో రెండు వేల కిలోమీటర్లు పోతది" అన్నాడు.

చైన్ ఒకటే, వేలు పెట్టిన చోటూ ఒకటే. ఎవరిని నమ్మాలి? మనకు మనం చూసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

ఏడోగేరు (శనివారం, ఉదయం 8:30)

4,000 దాటింది కదా బ్రో, మార్చేయ్. నేను 3,000కి ఒకటి మారుస్తా. టెన్షన్ ఉండదు.

నల్లచేతులు (శనివారం, ఉదయం 9:05)

కిలోమీటర్ల లెక్క నమ్మొద్దు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ తెలుసుగా, ఆ 23 కిలోమీటర్లు. ఎండాకాలం పొద్దున పూట దాని మీదే తిరిగే సైకిల్ చైన్, కోకాపేటలో టిప్పర్ల వెనక రోబో శాండ్ పొడి పీల్చుకుంటూ వెళ్లే సైకిల్ చైన్ ఒకే లెక్కన ఎలా అరుగుతాయి? నా చైన్ ఒకటి 5,000 దాకా వచ్చింది. అదే కంపెనీ, అదే మోడల్, తర్వాతది రెండు వానాకాలం నెలల్లోనే 1,900కి పోయింది.

వేలితో ఎత్తి చూడటం కూడా కొలత కాదు. గేర్ల సైకిల్‌కి వెనక డెరైలర్ (గేర్లు మార్చే భాగం) స్ప్రింగ్ చైన్‌ని బిగించి ఉంచుతుంది. ఆ స్ప్రింగ్ ఎంత గట్టిదో, ఎత్తే చేయి ఎంత గట్టిదో, దాన్నిబట్టి చైన్ లేస్తుంది.

స్టీలు స్కేలు తీసుకోండి బ్రో, ఇంచులున్న వైపు చూడండి. సైకిల్ చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు సరిగ్గా అర ఇంచు. ఇది ప్రపంచమంతా ఒకటే, పాత హెర్క్యులెస్ అయినా లక్ష రూపాయల రోడ్ బైక్ అయినా. అంటే 24 లింకులకు 12 ఇంచులు. స్కేలు సున్నా గీతను ఒక పిన్ను ఎడమ అంచుకు ఆనించి, 12 దగ్గర పిన్ను ఎడమ అంచు ఎక్కడుందో చూడండి. పిన్ను మధ్యలోంచి కొలవకండి, మధ్య ఎక్కడో కంటికి దొరకదు, అంచు దొరుకుతుంది. కొలిచేటప్పుడు వెనక బ్రేక్ పట్టి పెడల్‌ని చేత్తో కిందికి నొక్కండి, పైవైపు చైన్ బిర్రుగా అవుతుంది. అక్కడ కొలవండి.

12 మీదే ఉంటే కొత్తదానితో సమానం. 1/16 ఇంచు దాటితే దాదాపు అర శాతం అరిగినట్టు. 1/8 దాటితే ఒక శాతం. మీ ఎనిమిది గేర్లకు ఆ రెంటి నడుమ, ముప్పావు శాతం దగ్గర మార్చేయాలి. ఒక శాతం దాటాక క్యాసెట్ కూడా పోయిందనే అనుకోవాలి.

మియాపూర్_పెడల్ (శనివారం, ఉదయం 10:41)

కొలిచాను. 12 ఇంచుల పావు వచ్చింది!! ఇక అన్నీ పోయినట్టేనా?

ఇంకో మాట, బ్రో కాదు. అక్క అనండి, పేరు లేకుండా అయినా పర్లేదు :)

నల్లచేతులు (శనివారం, ఉదయం 10:50)

సారీ అక్కా. కానీ పావు ఇంచు అంటే రెండు శాతం పైన. ఆ చైన్‌తో మీరు మియాపూర్ చౌరస్తా కూడా దాటలేరు. దేనితో కొలిచారు?

మియాపూర్_పెడల్ (శనివారం, ఉదయం 10:58)

అమ్మ కుట్టు మిషన్ డబ్బాలో ఉన్న టేపు. కొసకు రేకు ముక్క ఉంటుంది కదా, ఆ రేకును పిన్నుకు తగిలించాను.

నల్లచేతులు (శనివారం, ఉదయం 11:02)

😀 ఆ టేపు జాకెట్లకు పనికొస్తుంది. బట్ట టేపు ఏళ్ల తరబడి లాగీ లాగీ సాగిపోతుంది, కొస రేకు కూడా వంగి ఉంటుంది. స్టేషనరీ షాపులో స్టీలు స్కేలు దొరుకుతుంది. అర ఇంచుకు ఎనిమిది గీతలున్నది, అంటే ఒక్కో గీత 1/16 ఇంచు ఉన్నది చూసి కొనండి.

కిరాయి_సైకిల్ (శనివారం, మధ్యాహ్నం 1:20)

వేలితో ఎత్తి చూసే పద్ధతి పుట్టిందే మా లాంటి షాపుల్లో, కాబట్టి దాని తరఫున ఒక మాట చెప్తా. మా నాయినకు ముషీరాబాద్‌లో కిరాయి సైకిళ్ల షాపు ఉండేది. ఇరవై సైకిళ్లు, గంటకు ఇంత అని పలక మీద సుద్దముక్కతో రాసేవాడు. సాయంత్రం సైకిళ్లన్నీ లోపల పెట్టేముందు ముందు పళ్లచక్రం దగ్గర చైన్‌ని ముందుకు లాగి చూసేవాడు. పన్ను సగం బయటికి కనపడితే ఆ సైకిల్ పక్కకు పోయేది. గేర్లు లేని సైకిల్‌కి స్ప్రింగ్ ఉండదు గనక అక్కడ ఆ పద్ధతి కొంత నిజమే చెప్పేది.

కానీ తర్వాత ఏం చేసేవాడంటే, కొత్త చైన్ వేయడు. ముందు వెనక చక్రం నట్లు లూజు చేసి వెనక్కి లాగేవాడు. కొన్నాళ్లకు లాగడానికి చోటు ఉండదు. అప్పుడు ఒక జత లింకులు కొట్టి తీసేసి మళ్లీ బిగించేవాడు. చైన్ టైటుగా కనపడేది, నాయిన సంతోషపడేవాడు. రెండు రోజులకు ఎవరో ఆ సైకిల్‌ని నడిపించుకుంటూ వచ్చి, "ఎక్కి తొక్కితే కటకటమని జారుతుంది సేఠ్, కిరాయి ఇయ్య" అని గొడవ పెట్టుకునేవాడు. నేను పదేళ్ల పిల్లగాణ్ని, ఎందుకు జారుతుందో నాయినకూ తెల్వదు, నాకూ తెల్వదు. చైన్ టైటుగానే ఉంది కదా!

చానా ఏళ్ల తర్వాత అర్థమైంది. లింకు తీస్తే చైన్ పొడవు తగ్గుతది గానీ, మిగిలిన లింకుల మధ్య దూరం పెరిగింది పెరిగినట్టే ఉంటది. పళ్లేమో పాత దూరానికి కోసినవి. అవి రెండూ ఎట్ల కలుస్తయ్?

గండిపేట_గాలి (శనివారం, మధ్యాహ్నం 2:05)

కాకా, పోస్ట్ సూపర్. ఒక డౌట్. అందరం "చైన్ సాగింది" అంటాం కదా. ఇనుము నిజంగా సాగుతుందా?

బాలానగర్_టూల్‌రూమ్ (శనివారం, మధ్యాహ్నం 3:47)

సాగదు. మన కాళ్ల బలానికి చైన్ ప్లేట్లు సాగవు. అరుగుతాయి, అంతే. నేను టూల్‌రూమ్‌లో పనిచేస్తాను, అరుగుదల మా రోజువారీ తిండి, కాస్త వివరంగా చెప్పనివ్వండి.

చైన్ ఒక్కో లింకు దగ్గర వంగేది పిన్ను మీద. బయటి ప్లేట్లకు పిన్ను గట్టిగా బిగించి ఉంటుంది, లోపలి ప్లేట్ల రంధ్రం ఆ పిన్ను చుట్టూ తిరుగుతుంది. చైన్ క్యాసెట్ మీద ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, డెరైలర్‌లోని చిన్న చక్రాల మీద మళ్లీ మళ్లీ వంగుతూనే ఉంటుంది. మధ్యలోకి దుమ్ము చేరి నూనెతో కలిస్తే వాల్వ్ గ్రైండింగ్‌కి వాడే పేస్టులా తయారవుతుంది. చైన్ ముట్టుకుంటే వేలికి అంటే ఆ నల్లటి జిగురు అదే. పిన్నుకు ఒకవైపు పల్లం పడుతుంది, రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది.

ఎంత అరుగుతుందో లెక్క వేయండి. పిన్నుకు పిన్నుకు మధ్య 12.7 మిల్లీమీటర్లు. అందులో ముప్పావు శాతం అంటే 0.095 మిల్లీమీటరు. మన తల వెంట్రుక మందం కూడా దాదాపు అంతే. ఒక్కో కీలు దగ్గర ఒక వెంట్రుకంత తరుగు, 114 లింకులకు కలిపితే 11 మిల్లీమీటర్లు. ఒక్క లింకును పట్టుకుని ఎంత చూసినా ఈ తరుగు కంటికి ఆనదు. అందుకే 24 లింకులు కలిపి కొలవమనేది.

ఈ రోలర్ చైన్ డిజైన్ 1880 నాటిది, మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో పిన్ను చుట్టూ విడిగా ఒక బుష్ (గొట్టం లాంటి తొడుగు) ఉండేది. మీ గేర్ల సైకిల్ చైన్‌లో ఆ విడి బుష్ లేదు, లోపలి ప్లేటు అంచునే కాలర్‌లా లోపలికి వంచేస్తారు. చైన్ పక్కకు బాగా వంగుతుంది, నూనె కూడా లోపలికి తేలిగ్గా దిగుతుంది. దుమ్ము కూడా అదే దారిన దిగుతుందనుకోండి.

గండిపేట_గాలి (శనివారం, సాయంత్రం 4:10)

అయితే నా దగ్గరున్న చైన్ చెకర్ గురించి అడగాలి. రెండు కొక్కేలు ఉండి లింకుల్లోకి దిగేది. నాది పదకొండు గేర్ల రోడ్ బైక్. మొన్న ఆ చెకర్ పెడితే 0.75 శాతం వైపు దిగిపోయింది. స్టీలు స్కేలుతో చూస్తే 1/16 కూడా రాలేదు. ఏది రైటు?

బాలానగర్_టూల్‌రూమ్ (శనివారం, సాయంత్రం 4:33)

స్కేలే. మీ చెకర్ కొక్కేలు రెండు రోలర్లను (పిన్నుల చుట్టూ తిరిగే చిన్న గొట్టాలు) చెరోవైపుకు తోస్తాయి. రోలర్ లోపల ఎప్పుడూ కొంచెం ఆట (వదులు) ఉంటుంది, అరిగేకొద్దీ ఆ ఆట పెరుగుతుంది. ఆ రెండు రోలర్ల ఆట కూడా కొలతలో కలిసిపోతుంది. నిజానికి రోలర్ ఎంత వదులైనా పిన్నుల మధ్య దూరం మారదు, పళ్లతో పేచీ వచ్చేది ఆ దూరం వల్లే. కాబట్టి అలాంటి చెకర్ అరుగుదలను ఎక్కువ చేసి చూపిస్తుంది. రోలర్లను ఒకేవైపుకు తోసే మూడు కాళ్ల చెకర్లు ఉంటాయి, షిమానోది ఒకటి, పెడ్రోస్‌ది ఒకటి. వాటిలో ఈ తేడా రాదు.

అయినా తొందరపెట్టే కొలత వల్ల నష్టం కాస్త డబ్బే, ఆలస్యం చేసే కొలత వల్ల క్యాసెట్టే పోతుంది. అందుకే ఆ చెకర్లు కూడా పనికిరానివేమీ కావు. అది "బాగానే ఉంది" అంటే నిజంగానే బాగుందని ధైర్యంగా ఉండొచ్చు. "అయిపోయింది" అన్నప్పుడే స్కేలు తీయండి.

మీ పదకొండు గేర్లకు హద్దు 0.5 శాతం మాత్రమే, ముప్పావు దాకా ఆగకండి. పన్నెండు గేర్లకూ అంతే. పళ్లు సన్నం, చైన్ సన్నం, క్యాసెట్ ధర మాత్రం లావు.

గండిపేట_గాలి (శనివారం, సాయంత్రం 4:40)

చివరి మాట మా ఆవిడకు చూపించకూడదు. నా క్యాసెట్ డబ్బులతో మూడు నాలుగు చైన్లు వస్తాయి.

తక్కువ_ఖర్చు (శనివారం, రాత్రి 7:15)

ఇప్పుడు నేను అడ్డం తిరుగుతా, తిట్టకండి. గండిపేట అన్న క్యాసెట్‌కు మీరు చెప్పిందంతా కరెక్టు. ఎనిమిది గేర్లకు లెక్క వేరు. నా బిల్లులు చూసి చెప్తున్నా: చైన్ 950, క్యాసెట్ 1,450. నాలుగు వేలకోసారి చైన్ మార్చి, మూడు చైన్లకో క్యాసెట్ అనుకుందాం. పన్నెండు వేల కిలోమీటర్లకు 4,300 రూపాయలు. నేనేం చేస్తానంటే, ఏమీ కొలవను. చైన్, క్యాసెట్ కలిసి అరుగుతాయి, ఒకదానికొకటి అలవాటు పడతాయి. తొమ్మిది పది వేలు నడుస్తాయి. జారడం మొదలయ్యాక రెండూ ఒకేసారి మారుస్తా, 2,400. అక్కా, ఆయిల్ వేసుకుని తొక్కేయండి.

ఏడోగేరు (శనివారం, రాత్రి 7:22)

లెక్క బాగానే ఉందే!

బాలానగర్_టూల్‌రూమ్ (శనివారం, రాత్రి 8:03)

లెక్క తప్పు కాదు. చవక భాగాలున్న సైకిల్‌కి నేనూ కాదనను. కానీ అందులో ముందు చైన్‌రింగ్ లేదు. సాగిన చైన్ దాన్ని కూడా తినేస్తుంది. మీ లాంటి సైకిళ్లకు చాలావాటికి చైన్‌రింగ్‌లు క్రాంక్‌కు (పెడల్ బిగించే చేయి) రివెట్ కొట్టి ఉంటాయి, విడిగా మార్చలేం, క్రాంక్‌సెట్ మొత్తం కొనాలి. అది కలిపి మళ్లీ లెక్క వేయండి.

నల్లచేతులు (శనివారం, రాత్రి 8:15)

పైగా "జారడం మొదలయ్యాక" అని తేలిగ్గా అనేశారు. అది ఎక్కడ మొదలవుతుందో మన చేతుల్లో ఉండదు. నాకు దుర్గం చెరువు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే మొదలైంది, సీటు మీంచి లేచి తొక్కుతున్నా. చైన్ టక్కున జారింది, పెడల్ ఖాళీగా కిందికి పోయింది, మోకాలు వెళ్లి హ్యాండిల్ స్టెమ్‌కు కొట్టుకుంది. వెనకున్న ఆటోవాలా బ్రేక్ కొట్టాడు కాబట్టి ఇక్కడ కూర్చుని టైప్ చేస్తున్నా. మచ్చ ఇంకా ఉంది.

తక్కువ_ఖర్చు (శనివారం, రాత్రి 8:21)

క్రాంక్‌సెట్ సంగతి నిజంగా ఆలోచించలేదు. మోకాలు మాత్రం నేను జాగ్రత్తగా చూసుకుంటా అన్నా, నేను లేచి తొక్కను, బద్ధకం.

మియాపూర్_పెడల్ (ఆదివారం, ఉదయం 7:50)

స్టీలు స్కేలు కొన్నాను, నలభై రూపాయలు. చైన్‌ని పాత బనియన్‌తో తుడిచి (ఆ నల్ల పేస్టు చూస్తే బాలానగర్ సార్ చెప్పింది కళ్లకు కట్టింది), మూడు చోట్ల కొలిచాను. మూడు చోట్లా పిన్ను 1/16 గీత దాటింది, 1/8 గీత చేరలేదు. సరిగ్గా మధ్యలో అనొచ్చు. ఒక చోట మాత్రం వెంట్రుకవాసి ఎక్కువ.

అంటే ముప్పావు శాతం. అంతేనా?

నల్లచేతులు (ఆదివారం, ఉదయం 8:02)

అంతే. ఇంకేం అనుమానం లేదు, మార్చాల్సిందే. మొదటి షాపు చైన్ విషయంలో రైటు, రెండోది తప్పు. ఇద్దరూ కొలవలేదు కాబట్టి ఇద్దరికీ మార్కులు ఇవ్వను.

మియాపూర్_పెడల్ (ఆదివారం, ఉదయం 8:06)

మరి క్యాసెట్, చైన్‌రింగ్‌లు? వాటిని కూడా కొలవొచ్చా?

బాలానగర్_టూల్‌రూమ్ (ఆదివారం, ఉదయం 9:30)

ఇంట్లో కొలవడం కష్టం. పళ్లు సొరచేప రెక్కలా ఒకవైపుకు వంగి కొస తేలితే పోయినట్టే. కానీ క్యాసెట్‌లో పళ్ల కొసలు గేర్లు మారడానికి వీలుగా ఫ్యాక్టరీలోనే వంకర టింకరగా కోస్తారు, కొత్తవాళ్లు అది చూసి అరిగిందనుకుంటారు. నమ్మదగ్గ పరీక్ష ఒక్కటే: కొత్త చైన్ వేసి, ఒక్కో గేర్‌లో గట్టిగా తొక్కి చూడటం. పాత పళ్ల గుంటలు సాగిన చైన్‌కు తగ్గట్టు వెడల్పయి ఉంటే కొత్త చైన్ రోలర్లు వాటిలో కుదురుగా కూర్చోవు, బలం పడగానే పైకెక్కి దూకేస్తాయి. జారలేదంటే మార్చే పని లేదు.

ముందు చైన్‌రింగ్‌ల గురించి ఇప్పుడే బెంగ వద్దు. ఎక్కువ పళ్లుంటే ఒక్కో పన్ను మీద భారం తక్కువ. రెండు మూడు క్యాసెట్‌ల దాకా వస్తాయి. మీరు ఎక్కువగా వాడే గేరు ఏది?

మియాపూర్_పెడల్ (ఆదివారం, ఉదయం 9:41)

6వ గేర్. ఆఫీసు దారంతా దాదాపు దాంట్లోనే.

బాలానగర్_టూల్‌రూమ్ (ఆదివారం, ఉదయం 9:44)

మీ క్యాసెట్‌లో అది 15 పళ్లది అయి ఉంటుంది. జారితే ముందు అదే జారుతుంది, చూడండి.

ఏడోగేరు (ఆదివారం, ఉదయం 10:15)

ఈలోగా లూబ్ గురించి ఎవరైనా చెప్పండి. నేను డబ్ల్యూడీ-40 కొడతా. మా ఫ్రెండ్ కొబ్బరినూనె.

నల్లచేతులు (ఆదివారం, ఉదయం 10:20)

మొదలైంది.

కిరాయి_సైకిల్ (ఆదివారం, ఉదయం 10:44)

కొబ్బరినూనె తలకు. మామూలు డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి, కడగడానికి మంచిది, చైన్ మీద నిలబడదు. మా షాపులో గాసునూనెలో చైన్‌ని రాత్రంతా నానబెట్టి, ఎండబెట్టి, కుట్టు మిషన్ నూనె ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసేవాళ్లం. చుక్క వేశాక పైన అంతా తుడిచెయ్యాలి. నూనె లోపల ఉండాలి, బయట ఉంటే దుమ్ముకు జిగురు. ఇప్పుడు సైకిల్ చైన్ లూబ్ అని చిన్న బాటిల్స్ దొరుకుతున్నయ్, అవి వాడండి. వానలో తడిసి వస్తే అదే రోజు తుడిచి నూనె చుక్కలు వెయ్యండి, పొద్దున దాకా పెడితే ఎర్రగా అవుతది.

గండిపేట_గాలి (ఆదివారం, ఉదయం 11:00)

నేను మైనంలో ముంచుతా. కరిగిన పారఫిన్‌లో చైన్ మొత్తం వేసి తీసి ఆరబెడితే చేతికి నలుపే అంటదు, దుమ్ము పట్టదు. కాకపోతే ముందు చైన్‌లోని గ్రీజంతా పెట్రోల్‌తోనో డిగ్రీజర్‌తోనో పూర్తిగా కడగాలి, మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు. రోజూ ఆఫీసుకెళ్లేవాళ్లకు ఇంత ఓపిక ఉంటుందని చెప్పను. నాకు కూడా వానాకాలంలో ఉండదు.

నల్లచేతులు (ఆదివారం, ఉదయం 11:04)

లూబ్ యుద్ధానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకుందాం. అక్కా, చైన్ మీరే వేస్తారా, షాపులో వేయిస్తారా? మీరే అయితే రెండు మాటలు. ఒకటి, ఎనిమిది గేర్లదే అడగండి. సింగిల్ స్పీడ్ సైకిల్ చైన్ వెడల్పుగా ఉంటుంది, మీ క్యాసెట్ మీద గేర్ల మధ్య ఇరుక్కుంటుంది. రెండు, కొత్త చైన్ పొడవు పాతదాని పక్కన పరిచి కోయకండి. పాతది ఒక సెంటీమీటరు దాకా పొడవు పెరిగింది కదా, దాన్ని చూసి కోస్తే లింకు లెక్క తప్పే ప్రమాదం ఉంది. లింకులు లెక్కపెట్టండి. పాతదానిలో 114 ఉంటే కొత్తదీ 114.

క్విక్ లింక్ (చైన్ రెండు కొసలను కలిపే లింకు) తీయడానికి ప్లయర్స్ లేకపోతే ఒక బూటు లేసు సరిపోతుంది, లింకు రెండువైపులా చుట్టి దగ్గరికి లాగితే టప్‌మని ఊడుతుంది. ఎనిమిది గేర్ల క్విక్ లింకులు మళ్లీ వాడుకోవచ్చు. గండిపేట గారూ, మీ పదకొండు గేర్లకు షిమానో క్విక్ లింకు ఉంటే అది ఒక్కసారికే, మళ్లీ బిగించకండి.

మియాపూర్_పెడల్ (బుధవారం, రాత్రి 9:35)

ఆలస్యమైంది, క్షమించండి. నేనే వేశాను! పాతది 114 లింకులు, మూడుసార్లు లెక్కపెట్టాను, రెండోసారి 113 వచ్చి భయపడ్డాను.

కోశాక ఒక పని చేశాను. రెండు చైన్లనీ బాల్కనీ గ్రిల్‌కు ఒకే ఎత్తున మేకులకు తగిలించి వదిలాను. లింకుల లెక్క రెంటికీ ఒకటే. పాతది కిందికి వేలాడింది, కొత్తదాని కొస కన్నా నా చిటికెన వేలు వెడల్పంత. స్కేలు పెడితే సెంటీమీటరు పైన ఒక గీత. అమ్మను పిలిచి చూపిస్తే, "ఇంతకే ఇంత హడావుడా" అంది. ఇంకో సంగతి, పాత చైన్‌ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుంటే విల్లులా పక్కకు వంగిపోతోంది. కొత్తది అంతగా వంగట్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈరోజు పొద్దున హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అన్ని గేర్లూ వేసి చూశాను. కూర్చుని తొక్కితే ఏదీ జారలేదు. లేచి తొక్కితే 6వ గేర్ ఒక్కటే, రెండుసార్లు, టక్... టక్. 5, 7 బాగానే ఉన్నాయి. బాలానగర్ సార్, మీరు సైకిల్ చూడకుండానే చెప్పేశారు!

ఆ ఒక్క గేరూ వాడకుండా నెట్టుకురావొచ్చా?

ఏడోగేరు (బుధవారం, రాత్రి 9:40)

కొన్ని రోజులు తొక్కితే సర్దుకుంటుంది అంటారు కదా?

బాలానగర్_టూల్‌రూమ్ (బుధవారం, రాత్రి 10:12)

కొద్దిగా జారేది కొన్నిసార్లు సర్దుకుంటుంది, నిజమే. కానీ "సర్దుకోవడం" అంటే ఏమిటో చూడండి. కొత్త చైన్ అరిగి పాత పళ్లకు తగ్గట్టు అవుతుంది. మీరు 950 పెట్టి కొన్నది మళ్లీ ముందరి స్థితికి తొందరగా వెళ్తుంది. లేచి తొక్కినప్పుడే జారుతోంది కాబట్టి ట్రాఫిక్‌లో ఆ గేరు మీద లేవకుండా కొన్నాళ్లు నడపొచ్చు, కానీ మీరు రోజంతా వాడేదే అది. ఆ ఒక్క పళ్లచక్రం విడిగా దొరికితే మార్చొచ్చు, మన దగ్గర దాని కోసం తిరిగే పెట్రోల్ ఖర్చుకు క్యాసెట్టే వస్తుంది. క్యాసెట్ మార్చండి. చైన్‌రింగ్‌ల జోలికి పోకండి.

నల్లచేతులు (బుధవారం, రాత్రి 10:20)

ఇదే చైన్‌ని మీరు వెయ్యి కిలోమీటర్ల ముందు, అర శాతం దగ్గర పట్టుకుని ఉంటే బహుశా ఈ క్యాసెట్ మిగిలేది. ఇకమీద జీతం పడిన రోజు స్కేలు తీయండి, రెండు నిమిషాల పని.

మియాపూర్_పెడల్ (శనివారం, మధ్యాహ్నం 12:30)

క్యాసెట్ మార్చాను. దాని లాక్‌రింగ్ తీసే టూలు నా దగ్గర లేదు, అందుకే షాపులో చేయించాను (మూడో షాపు!). ఫ్లైఓవర్ మీద లేచి తొక్కాను, ఎక్కడా టక్ లేదు. చైన్, క్యాసెట్, కూలీ కలిపి 2,600. ఆరు వేలన్నారు మొదట. ఈ చైన్ తొడిగిన తేదీ, మీటర్ రీడింగ్ స్కేలు వెనకే మార్కర్‌తో రాసి పెట్టుకున్నా.

తక్కువ_ఖర్చు (శనివారం, మధ్యాహ్నం 12:52)

అక్కా, ఆ పాత క్యాసెట్, పాత చైన్ పారేశారా? పారేయకపోతే నాకు కావాలి. రెండూ కలిపే కావాలి, విడదీయకండి. ఒకదానికొకటి అలవాటు పడి ఉన్నాయి, నాకు ఇంకో నాలుగు వేలు వస్తాయి.

కిరాయి_సైకిల్ (శనివారం, మధ్యాహ్నం 12:58)

మా నాయిన మళ్లీ పుట్టిండు.

మియాపూర్_పెడల్ (శనివారం, మధ్యాహ్నం 1:05)

😀 చైన్ ఇంకా గ్రిల్‌కే వేలాడుతోంది. రేపు ఏడింటికి మియాపూర్ మెట్రో కింద. చాయ్ మీది.